ఈ-రీడర్ కేబుల్ పీకే ముందు

కంప్యూటర్ నుంచి ఈ-రీడర్‌లోకి, అంటే కిండిల్, కోబో లాంటి ఈ-పుస్తకాలు చదివే పరికరంలోకి, నాలుగు పుస్తకాలు కాపీ పెట్టారు. స్క్రీన్ మీద పచ్చ గీత చివరిదాకా వెళ్లి మాయమైంది. ఇంక పని అయిపోయింది కదా అని కేబుల్ పీకేశారు. చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాదు కాబట్టే అది అలవాటైపోతుంది. ఎప్పుడో ఒక రోజు మాత్రం రీడర్ తెరిస్తే కొత్త పుస్తకాల్లో రెండు కనిపించవు. ఒకటి కనిపిస్తుంది కానీ మూడో అధ్యాయం దగ్గర ఆగిపోతుంది. ఖర్మ కాలితే, రెండేళ్లుగా గీసుకున్న హైలైట్లు, పేజీ పేజీకీ రాసుకున్న నోట్సు మొత్తం ఖాళీ.

పుస్తకం పోతే పెద్ద నష్టం లేదు. దాని కాపీ కంప్యూటర్‌లో ఉంటుంది, మళ్లీ వేసుకోవచ్చు. నోట్సు అలా కాదు. కిండిల్ స్టోర్‌లో కొన్న పుస్తకంలో గీసిన హైలైట్లు ఇంటర్నెట్ ద్వారా అమెజాన్ సర్వర్‌కు చేరతాయి. కేబుల్ పెట్టి వేసుకున్న పుస్తకానికి ఆ సదుపాయం లేదు. అందులో గీసిన ప్రతి గీతా, చదువుతూ ఆగిన చోటూ, అన్నీ చేతిలో ఉన్న ఆ పరికరంలోనే ఉంటాయి. అంటే కేబుల్ ఎక్కువగా వాడేవాళ్లకే పోయేది కూడా ఎక్కువ. కేబుల్ తీసే ముందు కంప్యూటర్‌లో నొక్కాల్సిన ఎజెక్ట్ అనే ఒక్క క్లిక్ గురించి ఇంతగా చెప్పుకోవాల్సి రావడం అందుకే.

ముందు కేబుల్ సంగతి

రీడర్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే బ్యాటరీ గుర్తు మీద మెరుపు కనిపిస్తుంది, ఛార్జింగ్ ఎక్కుతుంది, కానీ కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్ ఏదీ రాదు. చాలామంది ఇక్కడే రీడర్ పాడైందేమోనని టెన్షన్ పడతారు, డ్రైవర్లు వెతుకుతారు. అసలు కారణం చాలాసార్లు కేబులే. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. ఛార్జింగ్ కోసమే చేసిన చవక కేబుళ్లలో డేటా తీగలు రెండూ ఉండవు. బయటికి చూడ్డానికి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. ఆ కేబుల్‌తో ఫోన్ నుంచి ఫోటోలు కంప్యూటర్‌కు వస్తున్నాయా అని చూస్తే చాలు, తేలిపోతుంది. కేబుల్ మంచిదే అయినా డ్రైవ్ రాకపోతే, మధ్యలో యూఎస్‌బీ హబ్ (ఒక పోర్టును నాలుగైదుగా చేసే డబ్బా) ఉంటే తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టుకే పెట్టి చూడాలి.

కోబో లాంటి వాటిలో ఇంకో మెట్టు ఉంది. కేబుల్ పెట్టగానే కంప్యూటర్‌కు కనెక్ట్ చేయాలా అని రీడరే అడుగుతుంది. ఒప్పుకునేదాకా కేవలం ఛార్జింగే. ఆ ప్రశ్న చూడకుండా రీడర్‌ను పక్కన పడేసి, డ్రైవ్ రాలేదని కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చునేవాళ్లు తక్కువేం కాదు.

కేబుల్ పీకితే పరికరం కాలిపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. పాత పెద్ద యూఎస్‌బీ ప్లగ్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. లోపల నాలుగు బంగారు రంగు పట్టీలు కనిపిస్తాయి. అటూ ఇటూ చివర ఉన్న రెండూ, మధ్యలో ఉన్న రెండింటి కంటే కాస్త ముందుకు వచ్చి ఉంటాయి. చివరివి కరెంటువి, మధ్యవి డేటావి. ప్లగ్ పెట్టేటప్పుడు ముందు కరెంటు తగులుతుంది, తర్వాత డేటా. తీసేటప్పుడు ముందు డేటా తెగుతుంది, చివర్లో కరెంటు. మెషిన్ ఆన్‌లో ఉండగా పెట్టడానికీ తీయడానికీ వీలుగానే దాన్ని అలా చేశారు. కాబట్టి ప్రమాదం కరెంటు వల్ల కాదు. రాత సగంలో ఉండగా తెగిపోవడం వల్ల.

పద్దుల పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

ఈ-రీడర్‌ను పెన్ డ్రైవ్‌లా చూడటం సహజమే, కంప్యూటర్ కూడా దాన్ని అలాగే చూపిస్తుంది. నిజానికి అది సొంత ప్రాసెసర్, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఇంకో కంప్యూటర్. కిండిల్, కోబో రెండింటి లోపలా నడిచేది లినక్సే. కేబుల్ పెట్టనప్పుడు లోపలి స్టోరేజీని ఆ లినక్సే చూసుకుంటుంది. కేబుల్ పెట్టాక చాలా మోడళ్లు యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ అనే పద్ధతిలోకి వెళ్తాయి. ఆ పద్ధతిలో కంప్యూటర్ ఫైళ్లను అడిగి తీసుకోదు. స్టోరేజీలోని గడులను తనే నేరుగా చదువుతుంది, తనే రాస్తుంది.

ఒక పద్దుల పుస్తకంలో ఒకే సమయంలో ఇద్దరు గుమస్తాలు, ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా రాస్తూ పోతే లెక్కలు ఏమవుతాయో తెలిసిందే. అందుకే రీడర్ తన పుస్తకాన్ని పూర్తిగా కంప్యూటర్ చేతికి ఇచ్చేసి తప్పుకుంటుంది. కిండిల్ తెర మీద యూఎస్‌బీ డ్రైవ్ మోడ్ అని వచ్చి, పుస్తకాలు చదవనివ్వకుండా ఆగిపోవడానికి కారణం ఇదే. అది హ్యాంగ్ అవడం కాదు. మళ్లీ తన చేతికి వచ్చేదాకా అది ఏదీ ముట్టుకోదు.

ఈ రీడర్లలో ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే ఆ పద్దుల పుస్తకం పేరు ఫ్యాట్ 32. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటికీ అర్థమయ్యే పాత పద్ధతి కాబట్టి దీన్నే వాడతారు. ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదన్న పరిమితి దీనికి ఉంది, పుస్తకాలకు అది ఏ మాత్రం అడ్డు కాదు. అసలు లోపం వేరే ఉంది. ఇందులో జర్నల్ లేదు. విండోస్ తన సొంత డిస్కుకు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ 4 లాంటివి తమ పద్దుల్లో చేయబోయే మార్పును ముందు ఒక పక్కన రాసుకుంటాయి. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి లేచాక ఆ చిట్టా చూసి సరిచేసుకుంటాయి. ఫ్యాట్‌కు అలాంటి చిట్టా లేదు. సగంలో ఆగితే సగంలోనే ఉంటుంది.

ఒక్క పుస్తకం కాపీ అవ్వాలంటే కనీసం మూడు చోట్ల రాయాలి. పుస్తకంలోని డేటాను ఖాళీ గడుల్లో రాయాలి. ఏ గడి తర్వాత ఏ గడి వస్తుందో చెప్పే పట్టికలో ఆ వరుసను ఎక్కించాలి. ఈ పట్టికకు సాధారణంగా రెండు ప్రతులుంటాయి, రెండూ మార్చాలి. ఇక ఫోల్డర్‌లో ఫైల్ పేరు, సైజు, మొదటి గడి నంబరు నమోదు చేయాలి. పేరు ఎక్కి, వరుస ఎక్కకముందే కేబుల్ తెగితే పుస్తకం పేరు కనిపిస్తుంది, తెరిస్తే ఏమీ ఉండదు. వరుస ఎక్కి, పేరు ఎక్కకపోతే స్టోరేజీలో చోటు నిండిపోతుంది, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ఒకే గడిని రెండు ఫైళ్లు తమదే అనుకునే పరిస్థితి అన్నింటికంటే చెడ్డది. అప్పుడు కొత్త పుస్తకంతో పాటు ఎప్పటి నుంచో ఉన్న ఫైల్ కూడా దెబ్బతింటుంది. ఆ పాత ఫైల్ నోట్సు ఫైలే కావచ్చు.

పచ్చ గీత అయిపోతే పని అయిపోయినట్టా?

కాపీ అయిపోయిందని కంప్యూటర్ చెప్పే మాటలో ఒక మెలిక ఉంది. యూఎస్‌బీ పరికరంలో రాయడం నెమ్మది, మెమరీలో రాయడం చాలా వేగం. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ డేటాను ముందు తన మెమరీలోకి తీసుకుని, పని అయిపోయిందని చెప్పేసి, తర్వాత తీరిగ్గా పరికరానికి పంపుతుంది. దీన్నే రైట్ క్యాష్ అంటారు. లినక్స్ మామూలు సెట్టింగుల్లో ఇలా ఆగిన డేటా 30 సెకన్ల వయసు దాటాకే తప్పనిసరిగా రాయాల్సిన జాబితాలోకి వెళ్తుంది. దాన్ని రాసే ప్రక్రియ 5 సెకన్లకు ఒకసారి నిద్ర లేచి చూస్తుంది.

ఇప్పుడు ఒక నవల సైజు ఆలోచించండి. చాలా నవలలు ఒకటి రెండు ఎంబీలకు మించవు. అంత చిన్న ఫైల్ మెమరీలో రెప్పపాటులో ఇమిడిపోతుంది. పచ్చ గీత కనిపించీ కనిపించకుండానే పోతుంది. సినిమా కాపీ చేసేటప్పుడు గీత నెమ్మదిగా కదులుతుంది కాబట్టి మనిషి కూడా ఓపిగ్గా ఉంటాడు. పుస్తకాల విషయంలో ఫైల్ ఎంత చిన్నదైతే తొందర అంత ఎక్కువ, తొందరపడితే పోయే అవకాశమూ అంతే ఎక్కువ.

విండోస్ కథ కొంత నయం. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి, బయటి నుంచి పెట్టే డ్రైవ్‌లకు క్విక్ రిమూవల్ అనే పద్ధతినే మైక్రోసాఫ్ట్ డిఫాల్ట్‌గా పెట్టింది. ఇందులో రాతను మెమరీలో ఆపకుండా వెంటనే పరికరానికి పంపుతారు. ఇది తెలిసినవాళ్లు విండోస్‌లో ఇంక ఎజెక్ట్ అక్కర్లేదని చెబుతుంటారు. పెన్ డ్రైవ్ వరకైతే ఆ మాట చాలావరకు నిజం. ఈ-రీడర్ విషయంలో మాత్రం ఆ సలహా పాటించకపోవడమే మంచిది. కాపీ మీరు పెట్టిన ఫైళ్లతో ఆగదు. యాంటీవైరస్ ఆ డ్రైవ్‌ను తిరగేస్తూ ఉండొచ్చు. ఈ-పుస్తకాలను సర్ది రీడర్‌కు పంపే క్యాలిబర్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఉంటే, పుస్తకాలు పంపాక తన జాబితా ఫైల్‌ను కూడా రీడర్‌లో రాస్తుంది. కోబోకైతే అది ఇంకో అడుగు ముందుకు వేసి, రీడర్ సొంత డేటాబేస్‌లోనే కలెక్షన్ల వివరాలు మార్చగలదు. చదివిన చోటు, హైలైట్లు, పుస్తకాల జాబితా అన్నీ కోబోలో ఆ ఒక్క డేటాబేస్ ఫైల్‌లోనే ఉంటాయి. దాని మీద రాత జరుగుతుండగా కేబుల్ పీకడం కంటే చెడ్డ సమయం ఇంకోటి లేదు.

ఈ-రీడర్‌కు ఒక మేలు కూడా ఉంది, ఇది చెప్పుకోదగ్గదే. పెన్ డ్రైవ్‌ను పీకితే లోపలి చిప్‌కు కరెంటు కూడా పోతుంది. చిప్ లోపల జరుగుతున్న పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఈ-రీడర్‌లో సొంత బ్యాటరీ ఉంది కాబట్టి అప్పటికే చిప్ దాకా చేరిన డేటాను అది పూర్తిగా రాసుకోగలదు. కంప్యూటర్ మెమరీలో ఆగిపోయినది మాత్రం రాదు. బ్యాటరీ అడుగంటిన రీడర్‌కు ఈ మేలు కూడా సగమే. అందుకే పెద్ద మొత్తంలో పుస్తకాలు వేసే ముందు కాస్త ఛార్జ్ చేసుకోవడం మంచిది.

ఎజెక్ట్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది?

మెమరీలో ఆగిన రాత అంతా పరికరానికి వెళ్తుంది. ఆ డ్రైవ్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా ఫైల్ తెరిచి ఉంచిందా అని సిస్టమ్ చూస్తుంది. లేకపోతే డ్రైవ్‌ను మూసేసి, లెక్కలన్నీ సరిగ్గా ముగిశాయని ఒక గుర్తు పెడుతుంది. చివర్లో, ఇక నువ్వు తీసుకోవచ్చని పరికరానికి ఒక ఆదేశం పంపుతుంది. పద్దుల పుస్తకం తిరిగి చేతికి ఇవ్వడమంటే ఇదే. ఆ ఆదేశం అందగానే కిండిల్ యూఎస్‌బీ మోడ్ నుంచి బయటికి వచ్చి మామూలు తెర చూపిస్తుంది.

అందుకే కంప్యూటర్ చెప్పే మాట కంటే రీడర్ తెరను నమ్మడం మేలు. అది మామూలు స్థితికి వచ్చిందంటే అప్పగింత పూర్తయినట్టే. లినక్స్‌లో టెర్మినల్ వాడేవాళ్లకు ఇక్కడ తేడా బాగా తెలుస్తుంది. అన్‌మౌంట్ ఒక్కటే చేస్తే రాత పూర్తవుతుంది, డ్రైవ్ మూసుకుంటుంది, కానీ కిండిల్ ఇంకా యూఎస్‌బీ డ్రైవ్ మోడ్ అనే చూపిస్తూ ఉంటుంది. ఎజెక్ట్ ఆదేశం ఇచ్చాకే కదులుతుంది.

ఎక్కడ నొక్కాలన్నది చిన్న విషయం. విండోస్‌లో టాస్క్‌బార్ కుడి చివర ఉండే యూఎస్‌బీ గుర్తు, లేదా డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ఎజెక్ట్. మ్యాక్‌లో ఫైండర్‌లో డ్రైవ్ పేరు పక్కన ఉండే బాణం. క్యాలిబర్ తెరిచి ఉంటే అందులోనే, రీడర్ బొమ్మ దగ్గర ఎజెక్ట్ ఉంటుంది. అది పంపే పని నడుస్తుండగా నొక్కకూడదు, కింద మూలన పనుల సంఖ్య సున్నాకు వచ్చేదాకా ఆగాలి.

ఎజెక్ట్ చేశాక కేబుల్ తీయాల్సిన పని కూడా లేదు. కిండిల్‌ను అలాగే వదిలేస్తే ఛార్జ్ అవుతూనే ఉంటుంది, పుస్తకమూ చదువుకోవచ్చు. కోబో ఈ సమయంలో కొత్త పుస్తకాలను తన డేటాబేస్‌లోకి ఎక్కించుకుంటుంది, ఆ సందేశం పోయేదాకా దాన్ని ఆఫ్ చేయకూడదు. కిండిల్ కూడా కొత్త పుస్తకాల్లోని మాటలన్నింటినీ వెతకడానికి వీలుగా ఇండెక్స్ తయారుచేసుకుంటుంది. ఒకేసారి వందల పుస్తకాలు వేసినవాళ్లకు ఆ తర్వాత బ్యాటరీ తొందరగా అయిపోవడానికి అదే కారణం. ఇండెక్స్ పూర్తయ్యాక సర్దుకుంటుంది.

ఎజెక్ట్ సరిగ్గా చేసినా పుస్తకం కనిపించలేదంటే ఫైల్ రకం చూడాలి. ఈపబ్ ఫైల్‌ను కేబుల్ ద్వారా కిండిల్‌లో వేస్తే అది లైబ్రరీలో రాదు. ఫైల్ ఉంటుంది, కిండిల్ దాన్ని పట్టించుకోదు. సెండ్ టు కిండిల్ అనే అమెజాన్ సేవ ద్వారా పంపితే అమెజాన్ సర్వరే మార్చి ఇస్తుంది. కేబుల్ దారిలో వెళ్లాలంటే క్యాలిబర్‌తో కిండిల్‌కు అర్థమయ్యే ఏజెడ్‌డబ్ల్యూ 3 రకంలోకి మార్చుకోవాలి.

పరికరం వాడుకలో ఉందంటే

ఎజెక్ట్ నొక్కితే కంప్యూటర్ ఒప్పుకోకపోవడం చాలా విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగులోనే చాలామంది కేబుల్ పీకేస్తారు. కానీ ఆ సందేశం నిజమే చెబుతోంది, ఏదో ప్రోగ్రామ్ ఆ డ్రైవ్‌ను ఇంకా పట్టుకుని ఉంది. ఆ ఫోల్డర్ తెరిచి ఉన్న విండో, ప్రివ్యూ చూపిస్తున్న పీడీఎఫ్, వెనక నడుస్తున్న స్కాన్, మూయడం మర్చిపోయిన క్యాలిబర్, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. ఎంతకీ తేలకపోతే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 225 అనే నంబరు ఉన్న ఎంట్రీ వెతకాలి. డ్రైవ్ తీయకుండా ఆపిన ప్రోగ్రామ్ పేరు అందులో రాసి ఉంటుంది. లినక్స్‌లో ఎల్‌సాఫ్ అనే కమాండ్ ఇదే పని చేస్తుంది. ఇంత వెతికే ఓపిక లేకపోతే కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, పూర్తిగా ఆగాక కేబుల్ తీయొచ్చు. ల్యాప్‌టాప్ మూత మూసేసి తీయడం మాత్రం అదే పని కాదు. అప్పుడది నిద్రలోకి వెళ్తుంది, డ్రైవ్ ఇంకా తన చేతిలోనే ఉందనుకుంటుంది.

కొత్త మోడళ్ల దారి వేరు

2022లో వచ్చిన కిండిల్ స్క్రైబ్, 2024లో వచ్చిన కొత్త పేపర్‌వైట్ లాంటివి మాస్ స్టోరేజ్‌కు బదులు ఎంటీపీ వాడతాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు ఎప్పటి నుంచో వాడుతున్నది ఇదే. ఇందులో రీడర్ తన పద్దుల పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వదు. ఈ ఫైల్ తీసుకో, ఆ ఫైల్ తీసేయ్ అని కంప్యూటర్ అడుగుతుంది, రాసేది మాత్రం రీడరే. మధ్యలో కేబుల్ తెగితే అప్పుడు వెళ్తున్న ఫైల్ చెడుతుంది, మిగతా స్టోరేజీ లెక్క తప్పే అవకాశం చాలా తక్కువ. భద్రత పరంగా చూస్తే ఇది మంచి మార్పే.

మ్యాక్ వాడేవాళ్లకు మాత్రం దీనితో చిక్కు వచ్చింది. మ్యాక్‌కు ఎంటీపీ సొంతంగా రాదు, ఫైండర్‌లో రీడర్ కనిపించదు. దాని కోసం వేరే ప్రోగ్రామ్ కావాలి, క్యాలిబర్ ఆ పని చేస్తుంది. ఇక్కడ ఇంకో మాట గుర్తుంచుకోవాలి. మ్యాక్, లినక్స్‌లలో ఎంటీపీ పరికరంతో ఒకసారికి ఒక్క ప్రోగ్రామే మాట్లాడగలదు. ఫైల్ మేనేజర్ ముందే పట్టుకుని ఉంటే క్యాలిబర్‌కు రీడర్ కనిపించదు. కేబుల్ మార్చే ముందు మిగతావి మూసి చూడాలి.

పొరపాటున పీకేస్తే

పీకేశాక వెంటనే కొత్త ఫైళ్లు వేయొద్దు. లెక్క తప్పిన పట్టిక మీద మళ్లీ రాస్తే పాత డేటా మీద కొత్తది పడొచ్చు. కేబుల్ మళ్లీ పెట్టి, మొదట ఒక్కటే పని చేయాలి. నోట్సు ఫైళ్లను కంప్యూటర్‌కు కాపీ చేసుకోవాలి. రిపేర్ ఆ తర్వాతే, ఎందుకంటే రిపేర్ చేసే ప్రోగ్రామ్ డ్రైవ్ లెక్క సరిచేయడానికి చూస్తుంది తప్ప ఏ ఫైల్ విలువైనదో దానికి తెలియదు.

విండోస్ ఈ డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేయమంటారా అని అడిగితే అప్పుడు ఒప్పుకోవచ్చు. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీలోని ఫస్ట్ ఎయిడ్ ఇదే పని చేస్తుంది. స్కాన్ అయ్యాక డ్రైవ్‌లో ఫౌండ్ అన్న పేరుతో కొత్త ఫోల్డర్ కనిపిస్తే, పేరు పోగొట్టుకున్న ముక్కలను విండోస్ అందులో పెట్టిందన్నమాట. డ్రైవ్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలన్న సందేశం వస్తే మాత్రం ఒప్పుకోకూడదు. క్యాన్సిల్ నొక్కి, రీడర్‌ను రీస్టార్ట్ చేసి, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడాలి.

కిండిల్‌లో కాపీ చేసుకోవాల్సినవి రెండు. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండే మై క్లిప్పింగ్స్ అనే టెక్స్ట్ ఫైల్ మొదటిది. గీసిన ప్రతి హైలైట్ మాటలతో సహా ఇందులో చివర చేరుతూ పోతుంది, తర్వాత పుస్తకంలో ఆ హైలైట్ తీసేసినా ఇందులో అలాగే ఉంటుంది. రెండోది, ఒక్కో పుస్తకం పక్కనా అదే పేరుతో, చివర ఎస్‌డీఆర్ అని ఉండే ఫోల్డర్. చదివిన చోటు, పుస్తకంలో కనిపించే గీతలు దాంట్లో ఉంటాయి. పుస్తకాలు సర్దేటప్పుడు ఇవేవో చెత్త అనుకుని డిలీట్ చేసేవాళ్లున్నారు, అలా చేస్తే కేబుల్ తప్పేమీ లేకుండానే నోట్సు పోతాయి. కోబోలో కోబో అనే పేరు ముందు చుక్క ఉన్న దాచిన ఫోల్డర్‌లో డేటాబేస్ ఉంటుంది. మ్యాక్ ఫైండర్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క మూడూ కలిపి నొక్కితే అది కనిపిస్తుంది. విండోస్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టుకోవాలి.

ఈ కాపీకి పట్టే సమయం చాలా తక్కువ. కేబుల్ పెట్టగానే ముందు ఇవి కంప్యూటర్‌లో తేదీ వేసిన ఫోల్డర్‌లోకి, ఆ తర్వాత కొత్త పుస్తకాలు రీడర్‌లోకి, చివర ఎజెక్ట్. ఈ వరుసలో చేస్తే ఎప్పుడైనా చెయ్యి జారి కేబుల్ ఊడినా పోయేది ఆ పూట వేసిన పుస్తకాలే.